బొట్టు పెట్టి పిలిచిన నామినేషన్

"మీవాళ్ళ ఓట్లు ఎన్ని ఉంటాయి?"

మొదటి మీటింగులో మా డైరెక్టరు నన్ను అడిగిన మొదటి మాట ఇది. పేరు అడగలేదు. ఏం పని చేస్తావని అడగలేదు. ఐర్లాండ్‌లో ఒక అభ్యర్థి ప్రచారం నడిపే మనిషిని డైరెక్టర్ ఆఫ్ ఎలక్షన్స్ అంటారు. ఈయన అరవై దాటిన పొడుగాటి మనిషి, ఏ కాలంలో చూసినా తడి కోటుతోనే ఉంటాడు. ఏళ్ళ తరబడి కౌన్సిల్ ఎన్నికలు నడిపీ నడిపీ మనిషి మొహం చూస్తే ఓటు తప్ప ఇంకేమీ కనపడని స్థితికి వచ్చాడు.

"మా హౌసింగ్ ఎస్టేట్‌లో తెలుగువాళ్ళలో చాలామందికి ఓటు లేదండీ. నాకూ లేదు. ప్రెసిడెంటుకి ఓటెయ్యాలంటే ఐరిష్ పౌరసత్వం ఉండాలిగా," అన్నాను.

ఇక్కడికొచ్చి పదేళ్ళు దాటినా నా పాస్‌పోర్టు నేను మార్చుకోలేదు. ఇది పుచ్చుకుంటే అది వదిలెయ్యాలి, నాకు మనసొప్పలేదు. మొండితనం అంటే మొండితనమే. దానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోను.

ఆయన "గ్రాండ్" అన్నాడు. ఇక్కడ ఆ మాటకి గొప్ప అని అర్థం కాదు, సరేలే ఇక చాలు అని. అని, పక్కనున్నతని వైపు తిరిగాడు. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో ఎవరి పని ఏమిటో పెట్టారు. డ్రైవరు, పత్రికలు, పోస్టర్లు, ఫోన్లు, అన్నీ ఉన్నాయి. చిట్టచివర నా పేరు. దాని ఎదురుగా "సంస్కృతి, సమోసాలు". కింద ఇంకో ముక్క కూడా ఉంది: ఫొటోల రోజు చీరలో రావలసిందిగా మనవి.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను మెడికల్ డివైస్ ప్లాంటులో క్వాలిటీ ఇంజనీరుని. గుండెలో పెట్టే సామాను నేను సంతకం పెడితేగాని గేటు దాటదు. పోనీ సమోసాలైనా చెయ్యడం వచ్చా అంటే రాదు. మా ఇంట్లో సమోసా అంటే బ్లాంచర్డ్స్‌టౌన్‌లో కొనుక్కొచ్చేదే.

అసలు ఆ జట్టులో నేనెందుకు చేరానో చెప్పాలి. మా అభ్యర్థి రిటైరైన పబ్లిక్ హెల్త్ నర్సు. ఈ దేశంలో బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే ప్రభుత్వ నర్సు ఇంటికొచ్చి బిడ్డనీ తల్లినీ చూసి వెళ్తుంది. మా పాప పుట్టినప్పుడు వచ్చింది ఆవిడే. అప్పుడే మా అత్తగారు పాపకి స్నానం చేయించి సాంబ్రాణి వేస్తున్నారు. పొగకి ఇల్లంతా అలారం మోగుతోంది. అత్తగారు ఆపలేక, నేను లేవలేక గింజుకుంటుంటే నర్సమ్మ లోపలికొచ్చింది, కుర్చీ లాగి ఎక్కింది, వంటింటి తువ్వాలుతో అలారం దగ్గర విసిరి దాన్ని నోరు మూయించింది. దిగి చేతులు కడుక్కుని, "ఎంత మంచి వాసన! కాస్త కిటికీ తీసి వేద్దామా?" అంది. అంతే. ఒక్క మాట మందలింపు లేదు. ఆవిడ వెళ్ళాక మా అత్తగారు, "ఈవిడ మన మనిషేనే," అన్నారు.

ఆ మనిషి ప్రెసిడెంటుగా నిలబడతానంటే నేను వెళ్ళకుండా ఎలా ఉంటాను?

జట్టు కట్టడం ఆవిడ వంటింటి బల్ల దగ్గరే జరిగింది. నేను ఏదో పెద్ద ఆఫీసూ, అద్దాల గదులూ ఊహించుకుని వెళ్ళాను. అక్కడ చూస్తే టీ కెటిలు, కుక్కపిల్ల, వానకి తడిసిన బూట్లు. పార్టీల అండ ఉన్నవాళ్ళకి జట్టు ముందే ఉంటుంది, అభ్యర్థే తర్వాత వస్తాడు. మావంటి స్వతంత్రులకి అభ్యర్థి ఉంటుంది, మిగతాదంతా వెతుక్కోవాలి. డైరెక్టరు ముందు డ్రైవర్ని చూశాడు. అభ్యర్థి కారులో నిద్రపోవాలి కాబట్టి వాగని మనిషి కావాలట. ఆవిడ తమ్ముడు దొరికాడు. పోస్టర్లు స్తంభాలకి కట్టడానికి ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు కోచ్, ఎందుకంటే అతనికి వ్యానూ నిచ్చెనా ఉన్నాయి, పిలిస్తే వచ్చే పిల్లలూ ఉన్నారు. ఫోన్లకి రిటైరైన నర్సులు. పత్రికలకి ఒకప్పుడు రేడియోలో పనిచేసినాయన. ఎవరికి ఏం వచ్చు అని కాదు, ఎవరు తడితే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయి అన్నదే ఆయన లెక్క.

ఆ లెక్క నాకు తప్పుగా అనిపించలేదు. మా ఇళ్ళలో పెళ్ళి కుదిరినా అంతే. వంటల దగ్గర ఒకరు, విడిది దగ్గర ఒకరు, పిలుపులకి ఒకరు. కాకపోతే ఆ బల్ల చుట్టూ చూస్తే పిలుపులకి మాత్రం ఎవరూ లేరు.

ఈ దేశంలో ప్రెసిడెంటుగా పోటీ చెయ్యాలంటే ముందు ఎవరో ఒకరు నామినేట్ చెయ్యాలి. పార్లమెంటు సభ్యులు ఇరవైమంది సంతకాలు పెట్టాలి, లేదా మన జిల్లా పరిషత్తుల్లాంటి కౌంటీ కౌన్సిళ్ళు నాలుగు మీటింగు పెట్టి మద్దతు పలకాలి. సభ్యులు పార్టీల చేతిలో ఉంటారు, మావంటివాళ్ళ మొహం చూడరు. ఇక మిగిలింది కౌన్సిళ్ళు. మా డైరెక్టరు అన్ని కౌన్సిళ్ళకీ ఒకే ఉత్తరం రాయించి ఈమెయిల్ పంపాడు. తనకి పాత స్నేహాలున్న చోట మూడు కౌన్సిళ్ళు ఒప్పుకున్నాయి. నాలుగోది రాలేదు. పార్టీలు తమ కౌన్సిలర్లకి, బయటివాళ్ళెవరికీ మద్దతివ్వొద్దని కబురు పెట్టాయి. గడువు ముంచుకొస్తోంది. నాలుగోది రాకపోతే బ్యాలెట్ మీద ఆవిడ పేరే ఉండదు. ఆ నిచ్చెనా ఇన్ని పోస్టర్లూ గోడకి చేరేసుకోవడమే.

ఆ మీటింగులో ఆయన మిగిలిన కౌన్సిళ్ళ పేర్లు ఒక్కొక్కటే కొట్టేస్తున్నాడు. మా కౌంటీ దగ్గరికొచ్చాడు. "సోమవారం మీటింగు ఉంది, కానీ పార్టీలవాళ్ళే ఎక్కువ. దండగ," అని అదీ కొట్టేశాడు.

"ఎవరైనా వెళ్ళి అడిగారా?" అన్నాను.

"ఈమెయిల్ పంపాం."

"ఈమెయిల్ పిలుపా? మా ఊళ్ళో పెళ్ళికి ఫోన్ చేసి పిలిస్తేనే జన్మంతా మాట్లాడరు. ఇంటికెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, మీరు తప్పకుండా రావాలి అనాలి. అప్పుడే పిలిచినట్టు. అడగందే అమ్మైనా పెట్టదండీ, కౌన్సిలర్లు పెడతారా?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అడగడానికి మనుషులు కావాలి. వాళ్ళ మాట కౌన్సిలర్లు వినాలి. మీకు ఓటే లేదు, మీ మాట ఎందుకు వింటారు?"

అంతే. నాకు ఎక్కడలేని కోపం వచ్చేసింది. లేచి నిలబడ్డాను.

"నాకు లేనిది ప్రెసిడెంటు ఓటు. కౌన్సిలర్ ఓటు నాకుంది. ఇక్కడ కాపురముంటున్న ప్రతివాళ్ళకీ ఉంది, పాస్‌పోర్టు ఏ రంగుదైనా సరే. మా ఎస్టేట్ ముందు ఫుట్‌పాత్ వేయిస్తానని మా గుమ్మంలో నిలబడి వాన నీళ్ళు కార్చుకుంటూ అడిగినాయనకి నేను ఒకటో నంబరు వేశాను. మా వీధి వీధంతా వేసింది. ఆయన గెలిచింది చివరి రౌండులో. మావాళ్ళ ఓట్లు ఎన్ని అని అడిగారుగా? ఆయన్ని అడగండి!"

నా అరుపుకి కుక్కపిల్ల బల్ల కిందకి దూరింది. ఇక్కడ ఓటెయ్యడమంటే పేర్ల ఎదురుగా ఇష్టం కొద్దీ ఒకటి, రెండు అని నంబర్లు వెయ్యడం; తేలేదాకా రౌండ్ల వారీగా లెక్కపెడతారు. కౌన్సిలర్ ఓటు సంగతి డైరెక్టరుకి తెలియదని కాదు, కౌన్సిల్ ఎన్నికల్లో తల నెరిసినవాడు. తెలిసీ ఆయన కంటికి నేను ఓటరుగా ఆనలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నర్సమ్మ మాత్రం నా వైపే చూస్తూ టీ కప్పు పక్కన పెట్టింది.

"మా కౌన్సిల్ నాకొదిలెయ్యండి," అన్నాను. "రాలేదా, మీరు చెప్పిన చీర కట్టుకుని, చెప్పిన చోట నిలబడి సమోసాలు పంచుతాను. వచ్చిందా, ఇంకెప్పుడూ నా దగ్గర సమోసా మాట ఎత్తకూడదు. పిలుపుల పని నాది."

"ఒప్పుకున్నాను," అంది నర్సమ్మ, ఆయన నోరు తెరిచేలోపే.

ఇంటికొచ్చి చెబితే మావారు తల పట్టుకున్నారు. "సంతకాలు పెట్టే పదవికి ఇంత గొడవేంటే? ఉత్సవ విగ్రహాన్ని ఊరేగించడానికి నువ్వు పల్లకీ మొయ్యాలా?"

"విగ్రహం ఆవిడ కాదండీ. నన్ను చేస్తున్నారు. చీర కట్టి నిలబెడతారట!"

"పోనీ కట్టుకో. చీరేగా?"

"చీర నాకిష్టమైనప్పుడు కట్టుకుంటాను. ఒకడు రమ్మన్నప్పుడు కాదు."

మా పాప మెట్ల మీంచి తొంగి చూసి, "మమ్, యూ ఆర్ ఆసమ్. బట్ కెన్ యూ షౌట్ ఎ బిట్ లెస్?" అంది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలోనే వస్తుంది. తండ్రికీ కూతురికీ నవ్వు. నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రే మా ఎస్టేట్ ఆడవాళ్ళ గ్రూపులో పెట్టాను, ఏ కౌన్సిలర్ ఎవరికి తెలుసు అని. చూస్తే అందరికీ ఎవరో ఒకరు తెలుసు! ఒకామె పిల్లాడికి ఒక కౌన్సిలర్ స్కూల్ సీటు విషయంలో సాయం చేశాడు. ఇంకొకామె పార్కు లైట్ల కోసం ఒకావిడతో నెలల తరబడి పోట్లాడింది. "పోట్లాట కూడా పరిచయమే అక్కా," అంది. ముసలివాళ్ళని చూసుకునే నర్సింగ్ హోములో పనిచేసే ఒక వదిన మాత్రం, "ఒక కౌన్సిలర్ వాళ్ళమ్మ మా దగ్గరే ఉంటుంది. కానీ అక్కడ అడగను. డ్యూటీలో అడగడం తప్పు. శనివారం ఆయన ఆఫీసుకి ఓటరుగా వెళ్తా," అంది. శభాష్ అనుకున్నాను. డైరెక్టరు వారాల పాటు కట్టిన జట్టులాంటిది మేము ఒక్క పూటలో కట్టాం. నిచ్చెన ఒక్కటే మాకు లేదు.

శనివారం ఎవరి కౌన్సిలర్ దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. పార్టీలవాళ్ళని అనుకూలంగా ఓటెయ్యమని అడగొద్దని నేనే చెప్పాను. పెళ్ళికి రాకపోయినా ఫర్వాలేదు, అడ్డం పడకండి, ఊరికే కూర్చోండి, అని మాత్రమే అడగమన్నాను. పార్టీ మాటా దక్కుతుంది, మా మాటా దక్కుతుంది.

మా ఫుట్‌పాత్ కౌన్సిలర్ ఏ పార్టీకీ చెందినవాడు కాదు. పశువులు పెంచే రైతు. ప్రతి శనివారం ఒక పబ్బు వెనక గదిలో జనాన్ని కలుస్తాడు. ఆయన లేచి మీటింగులో ప్రతిపాదిస్తేగాని మా పని మొదలే కాదు. అంతా విన్నాడు. బుర్ర గోక్కున్నాడు. "లీవ్ ఇట్ విత్ మీ," అన్నాడు, నాకు వదిలెయ్ అని.

కొత్తగా వచ్చినవాళ్ళయితే ఆ మాటకి సంబరపడి ఇంటికి వచ్చేస్తారు. నేనూ మొదట్లో అద్దె ఇంటి రిపేర్ల విషయంలో అలాగే మోసపోయాను. అది మన "చూద్దాంలే"కి అన్నగారు. పని కాదని చెప్పే మర్యాద. ఈయన జారిపోతున్నాడని తెలిసిపోయింది.

"ఇక్కడ కాదు, ఇంటికెళ్ళాలి," అంది నాతో వచ్చిన మా పక్కింటి ఆంటీ. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, కొడుకు దగ్గర ఉంటుంది. ఇంగ్లీషు పట్టుమని పది మాటలు రావు. "పిలుపంటివిగా? పిలుపు ఆఫీసులో ఇస్తారటే ఎక్కడైనా?"

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. జోరున వాన. పెంకుటిల్లు కాదు గానీ పాత రాతి ఇల్లు, గేటు దగ్గర బురద. తలుపు తీసింది ఆయన భార్య, పిండి చేతులతో. నేను నోరు తెరిచి పరిచయం చేసుకునేలోపే ఆంటీ సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, వేలు అద్ది, ఆవిడ నుదుట పెట్టేసింది!

"అయ్యో ఆంటీ!" అన్నాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయిపోయింది, కుక్కని వదులుతారనుకున్నాను.

ఆవిడ నుదురు తడుముకుని, వేలు చూసుకుని, ఆంటీ వంక చూసింది. "ఇది మేము లెంట్ ఉపవాసాలు మొదలయ్యే బుధవారం చర్చిలో బూడిద పెట్టుకుంటాం, అలాంటిదా?" అంది.

"కొంచెం అలాంటిదే. కానీ అది పాపాల కోసం కదండీ, ఇది శుభకార్యానికి," అన్నాను. "మా దగ్గర పెద్ద పని తలపెడితే ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి పిలుస్తాం. మా ప్రెసిడెంటు పనికి మిమ్మల్ని పిలవడానికి వచ్చాం."

"నన్నా?" అంది ఆవిడ. "పాతికేళ్ళుగా ఆయన రాజకీయాల్లో ఉన్నాడు. ఓటు కోసం ఎంతమంది వచ్చారో ఈ గుమ్మంలోకి. అందరూ ఆయన ఉన్నారా అని అడిగినవాళ్ళే."

లోపలికి తీసుకెళ్ళింది. స్కోన్లనే చిన్న రొట్టెలు, టీ. నర్సమ్మ పేరు చెప్పగానే ఆవిడ చెయ్యి ఆగింది. ఆవిడ ఇద్దరు పిల్లల్నీ పుట్టిన వారంలో చూసింది నర్సమ్మేనట. అప్పుడే కౌన్సిలర్ పొలం నుంచి వచ్చాడు. బూట్లు విప్పుతూ మమ్మల్నీ, భార్య నుదుట ఎర్రటి బొట్టునీ చూసి నిలబడిపోయాడు.

"నువ్వు రేపు ప్రతిపాదిస్తున్నావు," అంది ఆవిడ.

"ఆలోచిస్తున్నా..."

"ఆలోచించడం అయిపోయింది. నన్ను పిలిచారు. నేను వస్తానన్నాను. ఆ ఫుట్‌పాత్ సగంలో ఎందుకు ఆగిపోయిందో వీళ్ళకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

ఆంటీ నా చెవిలో, "ఏమంటోందే?" అంది. "మన తరఫున తిడుతోందాంటీ," అన్నాను. "మంచి మనిషి," అంది ఆంటీ, ఇంకో స్కోను తీసుకుంటూ.

సోమవారం ప్లాంటులో సగం రోజు సెలవు పెట్టి, అక్కడి ఫ్లీసు చలికోటుతోనే కౌన్సిల్ గ్యాలరీకి పరిగెత్తాను. మా ఎస్టేట్ ఆడవాళ్ళు ఒక వరుసలో కూర్చున్నారు. కౌన్సిలర్ భార్య కూడా వచ్చింది. ఆంటీ పక్కన కూర్చుని నుదురు వంచితే, ఆంటీ మళ్ళీ బొట్టు పెట్టింది. డైరెక్టరు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కోటు తడిగానే ఉంది.

నర్సమ్మ తన మాట చెప్పుకుంది. మా కౌన్సిలర్ లేచాడు. ఒకసారి గ్యాలరీ వైపు, భార్య వైపు చూశాడు. ప్రతిపాదిస్తున్నానన్నాడు. ఇంకో స్వతంత్రుడు బలపరిచాడు. పేర్లు పిలుస్తూ ఓట్లు అడగడం మొదలైంది. వ్యతిరేకం అన్నవాళ్ళు గట్టిగానే అన్నారు. కానీ పార్టీలవాళ్ళలో చాలామంది తల వంచుకుని, ఎటూ ఓటెయ్యం అన్నారు. అలా అన్న ప్రతిసారీ మా వరుసలో ఎవరో ఒకరు పక్కవాళ్ళ మోచేతిని నొక్కుతున్నారు. పార్కు లైట్ల ఆవిడ వంతు వచ్చింది. మావైపు గుర్రుగా చూసి, ఎటూ వెయ్యనంది. చివరికి అనుకూలం ఎక్కువ, వ్యతిరేకం తక్కువ.

నాలుగో కౌన్సిల్ వచ్చింది. మాది!

బయట మెట్ల మీద ఫొటోకి పిలిచారు. పత్రికలు చూసే ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మీరు మధ్యలో, ముందుకి రండి. అయ్యో, చీర కట్టుకోలేదే!" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే డైరెక్టరు అతని భుజం పట్టుకుని పక్కకి తిప్పాడు. "ఆవిడ నామినేషన్లు చూస్తారు. ఎక్కడ నిలబడాలో ఆవిడ ఇష్టం," అన్నాడు. నేను వెనక వరుసలో, మా ఆడవాళ్ళ పక్కన, ఫ్లీసు చలికోటుతోనే నిలబడ్డాను. ఆ ఫొటోలో నా మొహం సగమే పడింది. నాకు చాలు.

మేము గెలవలేదు. ఆ మాట దాచను. నర్సమ్మ ఓడిపోయింది, బాగానే ఓడిపోయింది. పోలింగు రోజు మా ఎదురింటి ముసలాయన్ని పోలింగు జరిగే స్కూలు దాకా కారులో దింపాను. నేను బయటే కూర్చున్నాను. ఆయన తిరిగొచ్చి బెల్టు పెట్టుకుంటూ, "మీ నర్సమ్మకి ఒకటో నంబరు ఇచ్చాను," అన్నాడు. ఆ కాగితం ఎలా ఉంటుందని అడిగాను. పేర్లూ, ఫొటోలూ ఉంటాయన్నాడు. నర్సమ్మ ఫొటో బాగా పడిందన్నాడు. నేను ముట్టుకోకూడని ఆ కాగితం మీద ఆ ఫొటో ఎలా ఎక్కిందో నాకు తెలుసు. స్టీరింగు పట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఏడుపు కాదు, గర్వం. ఎవరేమనుకుంటే నాకేం?

కొన్ని నెలల తర్వాత డైరెక్టరు ఫోన్ చేశాడు. వచ్చే కౌన్సిల్ ఎన్నికలకి మా వైపు ఒక అభ్యర్థిని చూస్తున్నాడట.

"మీరూ, మీ జట్టూ మాకు కావాలి. ఆ బొట్టు ఆంటీతో సహా," అన్నాడు.

"మా జట్టు ఖాళీగా లేదండీ. మాకు అభ్యర్థి దొరికింది."

"ఎవరు?"

"నేనే. కౌన్సిల్‌కి ఓటెయ్యడానికే కాదు, నిలబడటానికీ పాస్‌పోర్టు అడగరు. మీకు నాకంటే బాగా తెలుసు."

అటువైపు కుర్చీ లాక్కున్న చప్పుడు, పెన్ను మూత తీసిన చప్పుడు. మనిషి మారడు కదా, అదే ప్రశ్న అడిగాడు.

"మీవాళ్ళ ఓట్లు ఎన్ని ఉంటాయి?"

"ఈసారి అందరికీ ఉన్నాయి," అన్నాను. "డైరెక్టరు ఒక్కడే తక్కువ. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాం. మీ ఆవిడని ఇంట్లో ఉండమనండి."